సబ్ గుద్దుతలేదు: పెద్ద ఆంప్ వెయ్యాల్నా?

నల్లగొండ_డిక్కీ: కారు డిక్కీల 12 ఇంచుల సబ్ (బాస్ కొట్టే సబ్‌వూఫర్ స్పీకరు), డబుల్ కాయిల్ (స్పీకరు పొరను కదిలించే తీగ చుట్టలు రెండు) 4+4 ఓమ్‌లు, 300 వాట్ల ఆర్ఎంఎస్ (ఆగకుండ మోసే పవర్). మోనో ఆంప్ (ఒక్క ఛానెల్ ఆంప్లిఫయర్) 2 ఓమ్‌ల కాడ 500 వాట్లది. రెడీమేడ్ సీల్డ్ బాక్స్ (గాలి పోకుండ మూసింది). వారం కింద బిగించిన్రు. కోన్ (ఆ స్పీకరు పొర) మీద చెయ్యి పెడ్తె సన్నగ వణుకుడే, గుద్దుడు లేదు. సౌండు పెంచితే హెడ్‌లైట్లు డిమ్ అయితున్నయి. అరగంటల కోన్ నడుమ వేడెక్కుతుంది. షాపాయన పెద్ద ఆంప్ వెయ్యమంటున్నడు.

మూసీ_వైర్: ఆంప్ జోలికి పోకు తమ్మీ. లైట్లు డిమ్ అయినయంటే గ్రౌండే (ఆంప్ మైనస్ వైరును కారు రేకుకు కట్టే జాగ). రంగు గీకకుండ బోల్టు బిగించి ఉంటరు. మెరిసే రేకు కనవడేదాక గీకి, రింగు లగ్గు పెట్టి బిగించు. సీటుబెల్టు బోల్టుకు మాత్రం కట్టకు, అది ప్రాణం కాపాడే బోల్టు.

పాలమూరు_ప్లై: లైట్లు పక్కన పెట్టు, బాక్స్ సంగతి సూడు. 12 ఇంచులకు సీల్డ్ అయితే దగ్గర దగ్గర ఒక ఘనపుటడుగు కావాలె. రెడీమేడ్ బాక్సులు చిన్నగ కోస్తరు, మూలలకు సిలికాన్ పూయరు. పాట పెట్టి అతుకుల వెంబడి అగర్‌బత్తి తిప్పు. పొగ ఎగిరిందంటే అక్కడ లీకు. గ్రౌండ్ అంటవా, మల్టీమీటరుతోని కరెంటు దారి ఉందా అని సూస్తె బీప్ వస్తే అయిపాయె.

మూసీ_వైర్: బీప్ వస్తే అయిపాయెనా? 30, 40 ఓమ్‌లకు కూడ బీప్ కొట్టే మీటర్లు ఉన్నయి. 40 ఆంపియర్లు పోయే దారిల 0.05 ఓమ్ ఉన్నా 2 వోల్టులు మింగుతది. గంత సన్న లెక్క నీ మీటరు తేల్చలేదు, ప్రోబు తీగలకే అంతకన్న ఎక్కువుంటది. పాట నడుస్తుండంగ బ్యాటరీ మీద వోల్టులు సూడాలె, ఆంప్ టెర్మినళ్ల మీద సూడాలె. తేడా ఎంతుంటే అంత దారిల పోయినట్టు.

సాగర్_కాలువ: పెన్ను సెల్ పెట్టి సూడన్నా.

పాలమూరు_ప్లై: బీప్ గురించే రాస్తున్నవ్. బాక్స్ లీకు ఉంటే నువ్వు గ్రౌండు బంగారంతోని చేసినా బాస్ రాదు.

దేవరకొండ_డెక్: ఆంప్ మీద ఫేజ్ స్విచ్ (కోన్ కదిలే దిక్కును ఉల్టా చేసేది) 0 నుంచి 180కి మార్చి సూడు, రెండు నిమిషాల పని.

మూసీ_వైర్: ప్లై కోసేటోళ్లకు వోల్టుల సంగతి చెప్పుడు నాదే తప్పు.

పాలమూరు_ప్లై: ఔ, ప్లై కోసేటోళ్లమే. ఆన్‌లైన్ల అగ్గువకు కిట్ కొనుక్కొచ్చి, ఫిట్టింగుకు 500 అంటే కస్సుమంటరు. ఆ కిట్ల వైరు రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. మంచి 4 గేజ్ రాగి వైరు వెయ్యమంటే ‘షాపోడు దోచుకుంటుండు’ అంటరు. ఇగ ఎవడు మీటరు పట్టుకోని గంట కూసుంటడు?

మూసీ_వైర్: అదీ అసలు మాట! కొలిచినందుకు పైసలు అడుగు, ఎవరొద్దన్నరు. కొలవకుండ పెద్ద ఆంప్ అంటగట్టుడే నాకు మంట.

పాలమూరు_ప్లై: కొలిచినందుకు ఎవడిస్తడు పైసలు? డబ్బా చేతిల పెడ్తెనే జేబుల చెయ్యి పోతది.

సాగర్_కాలువ: సెల్ అంటే గోడ గడియారంల ఏసే 1.5 వోల్టుల సెల్ అన్నా. ఆంప్ కాడ సబ్ వైర్లు ఊడదీసి వాటికి తగిలియ్యి. ప్లస్‌కు ప్లస్ పెడ్తె కోన్ బయటికి తన్నాలె. మీటరుతోని ఓమ్‌లు కూడ సూడు: 1.8 దగ్గరుంటే ప్యారలల్ (రెండు కాయిల్స్ పక్కపక్కన కట్టినట్టు), 7 దగ్గరుంటే సిరీస్ (ఒకదాని వెనక ఒకటి). సిరీస్ అయితే 2 ఓమ్‌ల కాడ వచ్చే పవర్‌ల పావు వంతే వస్తది.

నల్లగొండ_డిక్కీ: అన్నీ సూసిన. బ్యాటరీ మీద 13.8, ఆంప్ కాడ 13.3. అగర్‌బత్తి పొగ కదల్లేదు. ఓమ్‌లు 1.8. ఫేజ్ స్విచ్ మార్చినా ఏం తేడా లేదు. సెల్ తగిలిస్తే కోన్ కదల్నే లేదు. సబ్ బయటికి తీసి ఒక్కొక్క కాయిల్‌కు పెట్టిన: ఒకటి బయటికి, ఒకటి లోపటికి.

సాగర్_కాలువ: ఒక కాయిల్ ఉల్టా కట్టిన్రు. ఒకటి నూకుతుంటే ఇంకోటి గుంజుతుంది. కోన్ కదలక కరెంటంతా వేడైపోతుంది. లైట్ల సంగతి కూడ అదే. ఓమ్‌లల్ల మాత్రం ఇది కనవడది, ఉల్టా ఉన్నా 1.8 సూపిస్తది. ఆ కాయిల్ ప్లస్, మైనస్ మార్చు.

నల్లగొండ_డిక్కీ: మార్చిన. వెనక నంబర్ ప్లేటు టకటక కొట్టుకుంటుంది.

పాలమూరు_ప్లై: ఇప్పుడు ఆంప్ మీది గెయిన్ (సిగ్నల్ ఎంత పెంచాల్నో పెట్టే నాబ్) తగ్గించు, 500కు పోతే 300ల సబ్ కాలుతది. సబ్ వైర్లు తీసి, బాస్ బూస్ట్ బంద్ చేసి, స్టీరియో ముప్పాతిక వాల్యూమ్‌ల పెట్టి 50 హెర్ట్జ్ టోన్ వెయ్యి. ఆంప్ అవుట్‌పుట్ మీద ఏసీ 24.5 వోల్టులు వచ్చినకాడ ఆపు. లో పాస్ (దానికి పైన సౌండును తగ్గించే ఫిల్టర్) 80 హెర్ట్జ్ కాడ ఉంచు.

మూసీ_వైర్: 13.8కు 13.3 అంటే అర వోల్టు పోయినట్టే కదా. గ్రౌండు గీకు తమ్మీ.

పాలమూరు_ప్లై: మళ్ల మొదలువెట్టిండు.