సమస్యాపూరణం: గురునిఁ గొట్టిన శిష్యునే కొలిచి రెల్ల

పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో. "గురునిఁ గొట్టిన శిష్యునే కొలిచి రెల్ల." ఈ పాదం చూడగానే పరశురాముడితో యుద్ధం చేసిన భీష్ముడు గుర్తొస్తాడు, కానీ ఈసారి ఆ దారి వద్దు. పూరణ ఆకాశం మీదే ఉండాలి, చెప్పిన విషయం ఖగోళశాస్త్రానికి నిలబడాలి.

మొదటి పూరణ:

తోకచుక్కొండు గురుఁ జుట్టి తునిగి పోయి
ఇరువదొక్కటౌ తునకలై యెదురు వచ్చి
లెక్క చెప్పిన దినమందె లెస్సగాను
గురునిఁ గొట్టిన శిష్యునే కొలిచి రెల్ల

గురుడంటే గురుగ్రహమండీ. షూమేకర్-లెవీ 9 తోకచుక్క సూర్యుణ్ణి వదిలేసి గురుడి చుట్టూనే తిరుగుతుండేది కాబట్టి శిష్యుడన్నాను. 1992 జులైలో మరీ దగ్గరికి వెళ్ళి ముక్కలైంది, 1993 మార్చిలో మనవాళ్ళ కంటపడింది, మే నెలకల్లా ఢీకొంటుందని లెక్క తేలింది. 1994 జులై 16 నుంచి 22 దాకా ముక్కలు వరసగా వెళ్ళి పడ్డాయి.

పృచ్ఛకుడు:
చాలా బాగుంది. గణాలు, యతి సరిపోయాయి. "చుక్కొండు" దగ్గర సంధి గురించి ఎవరైనా అడగొచ్చు, అత్వసంధి బహుళం కనుక నాకు అభ్యంతరం లేదు. కానీ "లెస్సగాను" మాత్రం యతి కోసం తెచ్చిపెట్టిన మాట, పద్యంలో దానికి పనేమీ లేదు. ఇలా మార్చి చూడండి: "చెప్పినట్టి దినమునకే చేరి దూఁకి".

మొదటి పూరణ రాసినవారు:
ఆ పాదం దగ్గరే రెండు రోజులు ఆగిపోయానండీ. మార్చేశాను, ధన్యవాదాలు.

ఒక సభ్యురాలు:
నాదొక సందేహం అన్నగారూ. కొలిచిరెల్ల అంటే పూజించారనా? ముక్కలై పడిపోయినదాన్ని పూజించడమేమిటి?

పృచ్ఛకుడు:
కొలవడం అంటే పూజించడమూ అవుతుంది, కొలత వేయడమూ అవుతుందమ్మా. సమస్యకి తాళంచెవి అక్కడే ఉంది. ఆ ముక్కలు పడ్డ వైపు భూమికి కనిపించలేదు, గురుడు తిరిగి ఆ పక్క ఇటు రాగానే నల్లటి మచ్చలు బయటపడ్డాయి, ఒక్కొక్క మచ్చనీ కొలిచారు, పెద్దది దాదాపు మన భూమంత ఉంది.

రెండవ పూరణ:

పెద్ద కృష్ణబిలముఁ జుట్టు పిన్న బిలము
ఏండ్లు పండ్రెండు లోపల నెగసి రెండు
మార్లు పళ్ళెముఁ జీల్చఁగా మంట రేఁగె
గురునిఁ గొట్టిన శిష్యునే కొలిచి రెల్ల

ఇది ఓజే 287 అనే దూరపు గెలాక్సీ సంగతి. గురువంటే బరువైనది కూడా కదా, పెద్ద బిలం సూర్యుడికి 1800 కోట్ల రెట్లు, చిన్నది 15 కోట్ల రెట్లు అని ఒక లెక్క. చిన్నది పెద్దదాని చుట్టూ ఉన్న వాయువుల పళ్ళేన్ని దూసుకుపోయినప్పుడల్లా గెలాక్సీ భగ్గుమంటుంది. ఇలాంటివాటి వెలుగు కొలవడం నాకు ఇష్టమైన పని. ఫొటోలో ఆ చుక్కని పక్కనే ఉన్న, వెలుగు మారని నాలుగైదు నక్షత్రాలతో పోల్చి చూస్తాం. పల్చటి మబ్బు పొర అడ్డొచ్చినా అన్నీ కలిసే మసకబారతాయి కనుక తేడా చెడదు. 19వ శతాబ్దం చివరి ఫొటో పలకల మీద కూడా ఈ చుక్క వెలుగు దొరుకుతుంది, ఆ పాత కొలతలన్నీ కలిపి చూస్తేనే పన్నెండేళ్ళ వరస కనబడింది.

మొదటి పూరణ రాసినవారు:
అద్భుతం. ఒక్క మాట, దెబ్బ తగిలింది పళ్ళేనికి కదా, గురువుకి కాదే?

రెండవ పూరణ రాసినవారు:
నిజమే. గురువు కూర్చున్న పీఠాన్ని తంతే గురువుని తన్నినట్టేనని సమర్థించుకున్నాను.

పృచ్ఛకుడు:
సమర్థన చెల్లుతుంది. అయితే "చెప్పినట్టి దినమునకే" అన్న పాదం మీ పద్యానికీ నప్పుతుంది, పళ్ళెం పాదం తీసేసి అది పెడితే ధార ఇంకా బాగుంటుందేమో.

రెండవ పూరణ రాసినవారు:
మన్నించాలి, అది పెట్టలేను. 2019 జులై 31న వస్తుందన్న వెలుగు నాలుగు గంటల తేడాలోపే వచ్చింది, స్పిట్జర్ టెలిస్కోప్ చూసింది, ఆ వార్త చదివిన రోజు ఆనందంతో నిద్రపట్టలేదు. కానీ 2022 అక్టోబరుకి వస్తుందన్న పెద్ద వెలుగు, కొలిచినవాళ్ళకి కనబడలేదు. ఆ బిలాల బరువు లెక్క మీదే ఇప్పుడు వాదన నడుస్తోంది. తోకచుక్క పద్యంలో ఆ మాట నిజం, నా పద్యంలో సగమే నిజం. పళ్ళెం పాదమే ఉండనివ్వండి.