మిర్యాలగూడలో 30 పడకల ఆసుపత్రి: నైట్ డ్యూటీకి సిస్టర్లు నిలవడం లేదు, ఐసీయూ మూసేయాలా?

ఎడమకాలువ_డాక్టర్:

అందరికీ నమస్తే. నేను జనరల్ మెడిసిన్, మా ఆవిడ గైనిక్, ఇద్దరం కలిసి మిర్యాలగూడలో 30 పడకల ఆసుపత్రి నడుపుతున్నాం. అందులో ఆరు పడకల ఐసీయూ ఉంది. మాకు వచ్చేవి ఎక్కువగా పురుగుమందు తాగిన కేసులు, పొలంలో పాము కరిచినవాళ్లు, పక్షవాతం, అద్దంకి రోడ్డు మీద యాక్సిడెంట్లు. వీళ్లను హైదరాబాద్ పంపితే చేరేసరికి మూడు గంటలు పడుతుంది, పురుగుమందు కేసుకు ఆ మూడు గంటలే ప్రాణం.

ఇప్పుడు సమస్య ఏంటంటే సిస్టర్లు నిలవడం లేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకు 14 వేలు, బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు 16 వేలు ఇస్తున్నాం, ఊళ్లో మిగతా ఆసుపత్రులు కూడా ఇంచుమించు అంతే ఇస్తాయి. పని బాగా వచ్చిన వాళ్లలో కొందరికి గవర్నమెంట్ ఉద్యోగం వచ్చింది, ఒకరు హైదరాబాద్‌లో కార్పొరేట్‌కి వెళ్లారు, ఇంకొకరు జర్మనీ వెళ్దామని భాష నేర్చుకుంటున్నారు. వెళ్లొద్దని ఎవరికి చెప్పగలం? రాత్రిపూట ఐసీయూ మొత్తానికి ఒక్క సిస్టరే ఉంటోంది, తనకి తోడు ఒకేషనల్ ఇంటర్ చదివిన ఒక అమ్మాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

జీతం పెంచాలని నాకూ ఉంది, కానీ బిల్డింగ్ లోన్, వెంటిలేటర్ల లోన్, ఆక్సిజన్, కరెంటు బిల్లు కట్టాక చేతిలో ఏమీ మిగలట్లేదు. ఆరోగ్యశ్రీ డబ్బులు ఎప్పుడు పడతాయో తెలియదు. పేషెంట్లను పంపినందుకు ఊళ్లలో ఆర్ఎంపీలకు కమీషన్ ఇవ్వకూడదని మొదటి రోజే అనుకున్నాం, ఇప్పటికీ ఇవ్వట్లేదు, కాబట్టి పక్క ఆసుపత్రికి వెళ్లినంతమంది మాకు రారు. ఐసీయూ మూసేసి ఓపీ, కాన్పులు చూసుకోవడమా, లేక వేరే దారి ఏదైనా ఉందా? ఇలాంటిది దాటినవాళ్లు చెప్పండి.

పాలమూరు_సిస్టర్:

నమస్తే సార్. మహబూబ్‌నగర్‌లో ప్రైవేటులో చాలాకాలం చేసి, ఇప్పుడు ప్రభుత్వంలో నర్సింగ్ ఆఫీసర్‌గా ఉన్నాను. మీరు అడిగిన తీరు నచ్చి రాస్తున్నా, చాలామంది యజమానులు మా మీద నెపం వేసి ఊరుకుంటారు.

మన జిల్లాల్లో నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు కొరత లేదు సార్, 14 వేలకు రాత్రంతా ఆరుగురు పేషెంట్లను చూడటానికి ఒప్పుకునేవాళ్లే లేరు. 2022 చివర్లో 5,204 ప్రభుత్వ స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, 2024 జనవరిలో నియామక పత్రాలిచ్చారు, అదే ఏడాది మళ్లీ 2,050 పోస్టులు పడ్డాయి. మూల వేతనమే 36,750తో మొదలు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, సొంత జిల్లాలోనే ఆ జీతం దొరికే అవకాశం ఉన్నప్పుడు ఎవరు ఆగుతారు చెప్పండి. ఇంకో మాట, సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కమిటీ 2016లోనే 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఇన్నేళ్లయినా మీరింకా దాని కిందే ఉన్నారు.

పురుగుమందు కేసు రాత్రి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నా. మొదటి గంటల్లో విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ అయిదు పది నిమిషాలకోసారి నాడి, కంటిపాప, ఛాతీలో గురగుర చూడాలి, సక్షన్ చేయాలి, అదే సమయానికి పక్క బెడ్ మీద పాము కరిచినాయనకు కనురెప్పలు వాలుతున్నాయా అని చూడాలి, ఈలోపు మూడో బెడ్ వాళ్ల బంధువులు సెలైన్ అయిపోయిందని అరుస్తుంటారు. ఒక్క మనిషి ఎన్ని చోట్ల ఉంటుంది? రేపు ఏదైనా జరిగితే ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మీదికే వస్తారు అందరూ. మేం మానేసేది సగం ఆ భయంతోనే.

జీతం 20కి తీసుకురండి, నెల ఒకటో తారీకున ఇవ్వండి. రాత్రి దిగేవాళ్లకు తాళం పడే గది, బాత్రూం ఉండాలి, బంధువులు మీదికొస్తే అడ్డు నిలబడే మనిషి ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. అలా ఆపినవాళ్ల దగ్గర సెలవు కూడా అడగలేక వెళ్లిపోయినవాళ్లను చూశాను.

కందనూలు_ఆర్థో:

డాక్టర్ గారూ, సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం, కానీ పైసలు ఎక్కడినుంచి వస్తాయో కూడా మాట్లాడుకోవాలి. నాగర్‌కర్నూల్‌లో నాదీ మీలాంటి ఆసుపత్రే.

ఆరోగ్యశ్రీ మంచి పథకం, 2007లో మొదలైనప్పటినుంచి దానివల్ల బతికినవాళ్లు మన జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెంచారు, 2024లో ప్యాకేజీ రేట్లు కూడా సవరించారు. చిక్కు రేటులో కంటే డబ్బు వచ్చే టైములో ఉంది. మందులు, టెస్టులు, పేషెంట్ భోజనం, ఇంటికి వెళ్లే చార్జీ, డిశ్చార్జ్ తర్వాత పది రోజుల మందులు అన్నీ ముందు మనం పెట్టాలి, ఆ తర్వాత క్లెయిమ్ పెట్టుకుని ఎదురుచూడాలి. 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ఈ పథకం కింద చూసే ప్రైవేటు ఆసుపత్రులు, సేవలు ఆపినప్పుడు వాళ్ల సంఘం చెప్పిన బకాయి సుమారు 1,400 కోట్లు. పెద్ద ఆసుపత్రి బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) తీసుకుని తట్టుకుంటుంది, మనలాంటివాళ్లం మందుల డిస్ట్రిబ్యూటర్‌ని బతిమాలి, అదీ కుదరకపోతే జీతాలు ఆపుతాం. డిస్ట్రిబ్యూటర్ సరుకు ఆపేస్తాడు, బ్యాంకు నోటీసు పంపుతుంది, సిస్టర్ మాత్రం ఏమీ అనదు కాబట్టి కోత ఎప్పుడూ ఆమె మీదే పడుతుంది. ఈ అన్యాయం మన చేతుల్తోనే జరుగుతోంది.

నా సలహా ఐసీయూ మూయొద్దు, కుదించండి. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఐసీయూలో పడకకు ఒక సిస్టర్ ఉండాలి. అంత మనవల్ల కాకపోయినా రెండు పడకలకు ఒకరు లేకుండా నడపకూడదు. ఆరు పడకలంటే షిఫ్టుకు ముగ్గురు, మూడు షిఫ్టులకు తొమ్మిది మంది, వీక్లీ ఆఫ్‌లు, సెలవులకు ఇంకో ముప్పై శాతం కలిపితే పన్నెండు మంది. 20 వేల చొప్పున నెలకు 2.4 లక్షలు. అదే మూడు పడకలైతే షిఫ్టుకు ఇద్దరు, మొత్తం ఎనిమిది మందితో 1.6 లక్షలు. మీ దగ్గర ఇప్పుడు ఐసీయూకి అయిదుగురు ఉన్నారనుకుంటే 70 వేలు అవుతోంది, పైన కావాల్సింది 90 వేలు. మూడు పడకలూ నెలలో ఇరవై రోజులు నిండితే అరవై బెడ్ డేస్, అంటే రోజుకు బెడ్ మీద 1,500 అదనం. మిగిలిపోయే వెంటిలేటర్లు అమ్మేసి ఆ లోన్ దించుకోండి. ఓపీ, ల్యాబ్ డబ్బులోంచి జీతాల అకౌంట్ విడిగా పెట్టండి, పథకం డబ్బు మీద జీతం ఆధారపడకూడదు.

ఊళ్లో ఇంకో ఇద్దరు ముగ్గురు డాక్టర్లకూ ఇదే బాధ ఉండి ఉంటుంది. అందరికీ తలా ఒక సగం ఐసీయూ ఉండే బదులు ఒకచోట సరైనది పెట్టుకోలేరా? మన దగ్గర డాక్టర్లు ఒకరినొకరు నమ్మరు, నాకు తెలుసు, అయినా అడిగి చూడండి.

దేవరకొండ_రైతుబిడ్డ:

నేను డాక్టర్‌ని కాదు, ఐసీయూ బయట కూర్చున్నవాడిని. మా నాయనకు పక్షవాతం వస్తే ఒక ప్రైవేటు దవాఖానలో పెట్టాం. డిపాజిట్ కట్టడానికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. రాత్రి వార్డంతటికీ ఒక్క అమ్మాయి, పాపం పరుగెత్తుతూనే ఉంది. నాయనను పక్కకు తిప్పమని అడిగితే వస్తా వస్తా అని తెల్లారేదాకా రాలేదు, మేమే తిప్పినం. తర్వాత వీపు మీద పుండ్లు పడి ఆ ఖర్చు వేరే. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. బిల్లులో మాత్రం నర్సింగ్ చార్జీ అని రోజూ వేశారు, కోపం దాని మీద.

సార్, రోజుకు 1,500 పెంచితే మాలాంటోళ్లకు బరువే, అయినా కడతాం, నెత్తిన మిత్తి ఉన్నా కడతాం. కానీ రాత్రి ఎంతమంది సిస్టర్లు ఉంటారో ఐసీయూ తలుపు దగ్గర బోర్డు రాసి పెట్టండి. ఆ పైసలు ఆ పిల్లలకే పోతున్నాయని తెలిస్తే ఎవరూ గొడవ చేయరు.

ఎడమకాలువ_డాక్టర్:

అందరికీ థ్యాంక్స్. కందనూలు సార్, మీ లెక్క చూశాక మా ఆవిడా నేనూ రాత్రంతా కూర్చుని మా పుస్తకాలు తిరగేశాం. ఆరులో మూడు తీసేస్తున్నాం, 20 వేలు వచ్చే నెల నుంచే. దేవరకొండ అన్న చెప్పిన బోర్డు కూడా పెడతాం. ఇద్దరు డాక్టర్లతో ఉమ్మడి ఐసీయూ సంగతి మాట్లాడాను, ఒకరు సరే అన్నారు, రెండోవారు కమీషన్ సంగతి తేలితేనే అన్నారు, అక్కడ నేను ఒప్పుకోను.

సిస్టర్ గారూ, ఒక్కటి చెప్పండి. నైట్ ఎనిమిది గంటలు పెట్టాలా, పన్నెండా? చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు పన్నెండే అడుగుతున్నారు, బస్సు దొరుకుతుందని.

పాలమూరు_సిస్టర్:

పన్నెండు గంటల డ్యూటీలో తెల్లవారుజామున నాలుగింటికి డోసు లెక్క తప్పుతుంది సార్, నేను చూశాను. ఎనిమిది గంటలే పెట్టండి, రాత్రి షిఫ్టుకు వచ్చేవాళ్లను తీసుకొచ్చి దించడానికి ఒక ఆటో మాట్లాడండి. వరసగా వారం నైట్లు వేయకండి, మూడు వేసి ఒక రోజు ఆఫ్ ఇవ్వండి. మనుషులు కావాలంటే నల్గొండ నర్సింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ పిల్లలను ఇప్పుడే కలవండి, పరీక్షలయ్యాక అయితే అందరూ హైదరాబాద్ బస్సెక్కేస్తారు.