18ఎస్ చెట్టులో సిలియేట్ వేరేచోట పడింది, కుటుంబం మార్చి రాయొచ్చా?

ప్రశ్న (మట్టిసిలియా)
మట్టి కల్చర్‌లో దొరికిన హైపోట్రిక్ ఇది (సిలియేట్‌లనే రోమాల ఏకకణ జీవుల్లో ఒక గుంపు). ప్రొటార్గాల్ (వెండి రంగు) స్లైడులో 18 ఫ్రంటోవెంట్రల్-ట్రాన్స్‌వర్స్ సిర్రీ (కణం అడుగువైపు ఉండే రోమాల కుచ్చులు) స్పష్టంగా ఉన్నాయి, అంటే ఆక్సిట్రిఖిడే కుటుంబపు అమరిక. 18ఎస్ చెట్టులో (18ఎస్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువుతో గీసిన వంశవృక్షం) మాత్రం ఆ కుటుంబానికే చెందిన ఆక్సిట్రికా, స్టైలోనికియాల గుంపుకు దూరంగా, యూరోస్టైలిడ్‌లనే మరో హైపోట్రిక్ గుంపు పక్కన పడుతోంది. ఒకే కణం, మెడ్లిన్ ప్రైమర్లు (పీసీఆర్‌లో జన్యువు ప్రతులు పెంచడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు), మామూలు బూట్‌స్ట్రాప్ (ఆ కొమ్మకు వందకు ఎంత మద్దతుందో చెప్పే అంకె) 61. దీంతో ప్రజాతిని వేరే కుటుంబంలోకి మార్చవచ్చా?

జవాబు (గాజుపైపెట్)
ముందు సీక్వెన్సునే అనుమానించండి. ఆ ప్రైమర్లు యూకేరియోట్లన్నిటికీ పనిచేస్తాయి కాబట్టి కణం ఆహారంగా మింగిన ఫ్లాజెలేట్ (కొరడాలాంటి తోకతో ఈదే ఏకకణ జీవి) డీఎన్‌ఏ కూడా పెరుగుతుంది. వడకట్టి స్టెరైల్ చేసిన నీటిలో ఒక రాత్రి పస్తుంచి, నాలుగైదు చుక్కలు మార్చి కడగండి. ప్రతి చుక్కకూ కొత్త పైపెట్ వాడాలి. చివర్లో కణంతో వచ్చే నీరు 2 మైక్రోలీటర్లు దాటకూడదు. సిలియేట్‌ల పెద్ద కేంద్రకమైన స్థూలకేంద్రకంలో ఆర్‌డీఎన్‌ఏ (18ఎస్ ఉండే డీఎన్‌ఏ భాగం) ప్రతులు వేలల్లో ఉంటాయి, ఒక్క కణమైనా చాలు. కానీ ఫలితం నమ్మాలంటే కనీసం మూడు కణాలు విడివిడిగా, తప్పులు తక్కువ చేసే పాలిమరేజ్ (డీఎన్‌ఏను నకలు చేసే ఎంజైమ్)తో చేయాలి. జన్యువు సుమారు 1,750 బేసులు. శాంగర్ సీక్వెన్సింగ్ పద్ధతిలో ఒకసారి చదివే భాగం (రీడ్) 700-800 బేసుల వరకే శుభ్రంగా వస్తుంది, అందుకే మధ్యలో అంతర్గత ప్రైమర్ తప్పదు.

జవాబు (శాఖాచిత్రం)
సీక్వెన్సు సరైనదే అనుకున్నా 61తో కుటుంబం మార్చలేం. హైపోట్రిక్‌లలో లోపలి శాఖలు చాలా పొట్టివి, వాటిని విడదీసేంత తేడా 18ఎస్‌లో లేదు. ఇంకో సంగతి: ఆక్సిట్రిఖిడే సభ్యులే చెట్టంతా చెల్లాచెదురుగా ఉంటారు. 18 సిర్రీల అమరిక పూర్వీకుల నుంచి మిగిలిన లక్షణం అనుకుంటేనే అది పొసుగుతుంది. అలాంటి లక్షణం దగ్గరి చుట్టరికానికి రుజువు కాదు.

ఏయూ పరీక్ష (రెండు చెట్లలో ఏదైనా డేటాకు పొసగదేమో తేల్చే గణాంక పరీక్ష) చేయండి. అయితే కుటుంబం మొత్తాన్నీ ఒకే శాఖగా బిగించకండి. అలా చేస్తే మీ జీవితో సంబంధం లేకుండానే ఆ చెట్టు తిరస్కరణకు గురికావచ్చు. మీ జీవిని ఆక్సిట్రికా-స్టైలోనికియా గుంపుతో మాత్రమే కట్టి చూడండి. పి విలువ 0.05 కంటే తక్కువ వస్తేనే పాత స్థానం తప్పనగలరు.

ఆర్‌డీఎన్‌ఏలోనే ఉండే ఐటీఎస్, 28ఎస్ భాగాలు కూడా కలపండి. ప్రొటీన్ జన్యువైన ఆల్ఫా-ట్యూబులిన్ వాడితే జన్యుసంకేత పట్టిక 6 ఎంచుకోవాలి. ఈ సిలియేట్‌లలో యూఏఏ, యూఏజీ కోడాన్లు గ్లుటమిన్‌ను సూచిస్తాయి. మామూలు పట్టికతో అనువదిస్తే మధ్యలో స్టాప్‌లు కనిపించి, మంచి సీక్వెన్సును చెడ్డదని పారేస్తారు. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువుకు పట్టిక 4.

జవాబు (నామకరణం)
మీది ఆ ప్రజాతికి టైప్ జాతేనా (ప్రజాతి పేరుకు ఆధారంగా నిర్ణయించిన జాతి)? ప్రజాతి పేరు టైప్ జాతినే అంటిపెట్టుకుని ఉంటుంది. మరో జాతి సీక్వెన్సు చూపి ప్రజాతిని కదపలేరు, ఆ ఒక్క జాతినే బయటికి తీయగలరు. హాల్టేరియా అనే సిలియేట్‌నే చూడండి: ఆకారాన్ని బట్టి ఒలిగోట్రిక్‌లనే మరో సిలియేట్ గుంపులో పెట్టారు, 18ఎస్ దాన్ని హైపోట్రిక్‌ల మధ్యకు తెచ్చింది, కణవిభజన వివరాలు చూసినవారు ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి "కుటుంబ స్థానం అనిశ్చితం" అని రాయండి. విభజన దశల స్లైడులు కూడా తయారుచేసి, సీక్వెన్సు తీసిన కల్చర్‌వే అని లేబుల్ మీద రాసి, మ్యూజియంలో జమచేయండి.