హైగేట్ ఏకాంతవాసి సుంకం లెక్కలు ఎక్కడ వెతకాలి?

1364లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్, హైగేట్ (లండన్‌కు ఉత్తరాన కొండమీది ఊరు) నుంచి స్మిత్‌ఫీల్డ్ (లండన్ అంచున ఉన్న సంత) దాకా దారి బాగుచేసేందుకు విలియం ఫిలిప్ అనే ఏకాంతవాసికి (ఒంటరిగా ఉండే క్రైస్తవ సన్యాసికి) సుంకం వసూలు హక్కు ఇచ్చాడు. వారానికి ఇనుప పట్టా చక్రాల సరుకు బండికి 2 పెన్నీలు, పట్టా లేనిదానికి 1, సరుకు మోసే గుర్రానికి పావు పెన్నీ. తేడా సబబే. కింద బంకమన్ను, వానకు నానాక ఇనుప పట్టా కోసుకుంటూ దిగుతుంది, ఆ గాడిలో నీళ్లు నిలిచి మరింత లోతవుతుంది.

కొండమీద కంకర తవ్వి దిగువన పోశారని, ఆ గుంతే చెరువైందని అక్కడ చెప్పుకుంటారు (కథే కావచ్చు). సరే, కంకర తోలిన బండ్ల కూలి ఎవరు కట్టారు? అనుమతి పత్రం రాజు రికార్డుల్లో ఉంది, ఖర్చుల చిట్టా మాత్రం కనబడట్లేదు. ఇలాంటి వసూళ్లను తనిఖీ చేసిందెవరు? లండన్ నగర రికార్డులు చూడాలా, హైగేట్ అప్పట్లో ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ (జిల్లా లాంటిది) వైపా? తెలిసినవాళ్లు చెప్పగలరు.