రిటైరయ్యాక ఎక్కడ ఉండాలి? ఉప్పల్ ఫ్లాటా, ఊళ్లో ఇల్లా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

సోషల్_సారు
వచ్చే జులైతో నాకు 61 నిండుతాయి, రిటైర్మెంట్. ఉప్పల్‌లో మూడో అంతస్తులో రెండు బెడ్‌రూంల ఫ్లాటు ఉంది, లిఫ్టు లేదు. జనగామ దగ్గర మా ఊళ్లో నాన్నగారు కట్టిన పెంకుటిల్లు, పది గుంటల పెరడు ఉన్నాయి. మా ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, షుగర్ కూడా ఉంది. అమ్మాయి డల్లాస్‌లో, అబ్బాయి బెంగళూరులో. నాకు ఊరికి పోవాలని ఉంది, ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఫ్లాటు అమ్మాలా, అద్దెకివ్వాలా? ఊళ్లో రాత్రిపూట వైద్యం సంగతేంటి? మధ్యస్తంగా హనుమకొండ ఎలా ఉంటుంది? ముందు ఆరు నెలలు ఉండి చూసి తేల్చుకోవడం మంచిదా?

మానుకోట_బిడ్డ
సార్, మిగతావన్నీ పక్కన పెట్టండి. పెంకుటిల్లు అన్నారు, పెరడు అన్నారు. మీ ఊళ్లో కోతులున్నాయా? ముందది చెప్పండి.
నేను 2019లో రిటైరై మహబూబాబాద్ దగ్గర మా ఊరికొచ్చేశాను. జామ, బొప్పాయి పెట్టాను, బీరపాదు పాకించాను. ఇప్పటిదాకా ఒక్క జామకాయ పండి చేతికి రాలేదు. మా చుట్టుపక్కల పల్లికాయ వేయడమే మానేశారు. పోయిన కార్తీకంలో మా ఆవిడ వసారాలో మంచం మీద మందుల డబ్బా పెట్టి మంచినీళ్ల కోసం లోపలికెళ్లింది. వచ్చేసరికి డబ్బా ఇంటి కొప్పు మీద ఉంది. ఓ పెద్ద కోతి దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని ఒక్కో షీటూ తీసి పళ్లతో చింపడం, మాత్ర కొరికి ఉమ్మేయడం, మళ్లీ ఇంకోటి తీయడం. నెలకు సరిపడా బీపీ మాత్రలు పోయాయి. కర్ర తీస్తే నా మీదికే ఉరికింది. ఆ రోజు నుంచి మా ఆవిడ పగలు కూడా తలుపు గడియ పెట్టుకునే ఉంటోంది. ఊరి గాలి పీలుద్దామని వచ్చి జాలీల వెనక బతుకుతున్నాం.

గోదారిగట్టు
కోతులకు భయపడి సొంతూరు వదులుకుంటారా అండీ? మాది రావులపాలెం దగ్గర. 22 ఏళ్లు ముంబైలో ఉండి వచ్చాను. పొద్దున్నే పాలు గుమ్మంలోకి వస్తాయి, కాలవ గట్టు మీద ఓ గంట నడుస్తాను. వచ్చిన నెలకే నిద్రమాత్ర మానేశాను. మాస్టారూ, ఇంకేం ఆలోచించకండి, ఊరికి వెళ్లిపోండి.

మానుకోట_బిడ్డ
అన్నా, మీ దగ్గర గుట్టల్లేవు, అడవి లేదు. మా బాధ మీకెలా తెలుస్తుంది? సారు ఊరు జనగామ దగ్గర, కోనసీమలో కాదు.

అత్తయ్య_73
కోతుల్ని అంతలా తిట్టకండి బాబూ. హనుమంతుడి స్వరూపం. నేను ప్రతి మంగళవారం గుడి దగ్గర రెండు డజన్ల అరటిపళ్లు పెడతాను. ఒక్కనాడూ నా మీదికి రాలేదు. ఆకలికి వస్తాయి గానీ పగబట్టి రావు.

మానుకోట_బిడ్డ
అమ్మా, పెద్దవారు, మిమ్మల్ని ఒక మాట అనాలని లేదు. కానీ మీలాంటివాళ్లు పెట్టే అరటిపళ్ల వల్లే మా బతుకులు ఇలా అయ్యాయి. మంగళవారం మీరు పెడతారు. బుధవారం అవి ఎవరింటికి పోవాలి? కవరు కనిపిస్తే లాక్కుంటున్నాయి. మా వీధిలో ఒకామెను తరిమితే పడి తుంటి ఎముక విరిగింది. ఇప్పటికీ మంచం మీదే ఉంది. అది పుణ్యమా?

అత్తయ్య_73
నా పుణ్యపాపాలు నువ్వు లెక్కగట్టక్కర్లేదు నాయనా.

బోటనీ_లెక్చరర్
ఇద్దరూ కోప్పడకండి. 30 ఏళ్లు విద్యార్థులను తీసుకుని అడవులు తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నాను. రోడ్ల పక్క మర్రి, రావి, మేడి చెట్లు ఉండేవి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు పోయాయి. గుట్టల మీద తునికి, పరికి, సీతాఫలం తగ్గాయి, కొన్ని గుట్టలు గ్రానైట్‌కి పోయాయి. తిండి లేక కిందికి దిగిన కోతికి ఊళ్లో తేలిగ్గా తిండి దొరికింది, ఇంక వెనక్కి ఎందుకెళ్తుంది? పళ్లు పెట్టడం మానాలి, చెట్లు పెంచాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు జరగాలి. నిర్మల్ దగ్గర ప్రభుత్వం పెట్టిన కేంద్రం అందుకే.

ఆర్‌అండ్‌బీ_ఈఈ
31 ఏళ్లు రోడ్లు భవనాల శాఖలో చేశాను. రోడ్లు వెడల్పు చేయకుండా అంబులెన్సులు ఎలా తిరుగుతాయో మేడంగారు చెప్పాలి. కోతులకు మందు చాలా సులువు. ఓ కొండముచ్చును తెచ్చి గేటుకు కట్టేయండి, నాలుగు వీధుల్లో కోతి కనబడదు. మా క్వార్టర్స్‌లో నేనే చేయించాను.

బోటనీ_లెక్చరర్
అది నేరం సార్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొండముచ్చును పట్టి కట్టేస్తే కేసవుతుంది. బాధ్యత గల పదవిలో చేసినవారు అందరి ముందూ ఇలాంటి సలహా ఇవ్వకూడదు. అందుకే ఊళ్లలో కొండముచ్చు బొమ్మల ఫ్లెక్సీలు కడుతున్నారు.

ఆర్‌అండ్‌బీ_ఈఈ
నేను చెప్పేది పాతికేళ్ల కిందటి మాట. నాకు చట్టాలు నేర్పొద్దు. ఎన్ని ఆస్పత్రులు కట్టించానో నాకు తెలుసు. ఇల్లంటే ఏమిటో నన్నడగండి. సోషల్ సారూ, మీరు ఏ ఊళ్లో ఉన్నా సరే, ముందు బాత్‌రూం తలుపు కొలవండి. మన అపార్ట్‌మెంట్లలో రెండున్నర అడుగులే పెడతారు. చౌకట్లు పోగా చక్రాల కుర్చీ ఇరుక్కుంటుంది. మూడడుగుల తలుపుండాలి, గడప ఉండకూడదు. గుమ్మానికి మెట్లు తీసేసి ర్యాంపు వేయిస్తే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు రావాలి. మేస్త్రీ నాలుగడుగుల్లో లాగించేస్తానంటాడు. ఒప్పుకోవద్దు. దాని మీద కుర్చీ తోయలేరు, జారిపోతుంది. మీ మూడో అంతస్తు ఫ్లాటు మాత్రం ఇంకో అయిదేళ్లలో మీ ఆవిడకి జైలే.

నిర్వాహకుడు
కోతులు, కొండముచ్చుల మీద వేరే చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ అడిగింది ఇల్లు గురించి.

కాకినాడ_పెన్షనర్
ఫ్లాటు విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. అమ్మినా సరే, అద్దెకిచ్చినా సరే, పిల్లల పేర గిఫ్ట్ డీడ్ మాత్రం రాయకండి. నేను రాశాను. రాసిన ఏడాదికే మా గదిలో సామాన్లు హాల్లోకి వచ్చాయి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది, ఆర్డీవో దగ్గరికెళ్తే రద్దు చేయించవచ్చు అన్నారు. నా దస్తావేజులో మమ్మల్ని చూసుకోవాలనే షరతు రాయించలేదు. దాంతో రెండేళ్లు తిరిగాను. ఇవ్వాలనుకుంటే వీలునామా రాయండి. మనం ఉన్నన్నాళ్లూ మన పేరునే ఉంటుంది.

బ్యాంకు_బాబాయి
మంచి మాట చెప్పారు. ఫ్లాటు అమ్మితే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒకరి పేర 30 లక్షల వరకు పెట్టవచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికొస్తుంది. భార్యకు కూడా 60 నిండితే ఆమె పేర మరో 30. హైదరాబాద్ అద్దెలను నమ్ముకునేకంటే ఇదే నిలకడ.

మానుకోట_బిడ్డ
నిర్వాహకుడిగారికి నా బాధ చిన్నదిలా కనిపిస్తోంది. ఇల్లు గురించి కాక నేను దేని గురించి మాట్లాడాను?

సాగరతీరం
నా మాట కాస్త ఓపిగ్గా చదవండి. మేమిద్దరం అన్నీ చూసుకునే వెళ్లాం. ఊరి శివార్లలో, పెద్దవాళ్ల కోసమే కట్టిన విల్లా. చెట్లు, గుడి, భోజనాల హాలు, అన్నీ ఉన్నాయి. బస్టాపు మూడు కిలోమీటర్లు. మా వారు కారు నడిపేవారు, అందుకని అది దూరమే అనిపించలేదు. నాలుగో ఏట ఆయన పోయారు. పదకొండో రోజు దాటి చుట్టాలంతా వెళ్లాక పోర్టికోలో కారుంది, తాళం గోడకి వేలాడుతోంది, నాకు నడపడం రాదు. కూరగాయలకు కూడా వాచ్‌మన్‌ను బతిమాలుకోవాల్సి వచ్చింది. ఏడు నెలలు అలా గడిపి, విశాఖలో మా చెల్లెలి వీధిలో చిన్న వాటాలోకి మారాను. ఇక్కడ మందుల షాపు, ఆటో స్టాండు, చెల్లి గొంతు, మూడూ పిలుపు దూరంలో ఉన్నాయి. ఉక్క భరించలేం, అయినా ఇక్కడే నయం. ఇద్దరికీ నచ్చే చోటు వెతికాం గానీ, ఒక్కరే మిగిలితే ఎలా అని మేం ఒక్క రోజు కూడా అనుకోలేదు. మాస్టారూ, మీరు అనుకోండి. ఆవిడనూ అడగండి.

గోదారిగట్టు
పల్లెలో అయితే ఒంటరితనం ఉండదమ్మా. వీధంతా వస్తారు.

సాగరతీరం
పది రోజులు వస్తారు తమ్ముడూ.

అరుణాచలం_వాసి
మేం తిరువణ్ణామలై వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ తెలుగువాళ్లు చాలామంది. పౌర్ణమికి 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేస్తాం. అద్దెలు బాగా పెరిగాయి, ఒక్కటే ఇబ్బంది. మనసుకు ఇంతకంటే ఏం కావాలి?

వరంగల్_నర్సు
ఆవిడకు షుగర్ అన్నారు, అందుకే రాస్తున్నాను. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. ఊళ్లో ఏం జరుగుతుందంటే, ముందు ఆర్‌ఎంపీని పిలుస్తారు, ఆయన సెలైన్ పెడతాడు, తెల్లారి చూద్దామంటారు. మా దగ్గరికి వచ్చేసరికి పది గంటలు దాటి ఉంటుంది. ఊళ్లో ఉండండి, తప్పు లేదు. కానీ స్కాన్, న్యూరో డాక్టరు రాత్రిపూట కూడా ఎక్కడున్నారో, అక్కడ మీ హెల్త్ కార్డు చెల్లుతుందో లేదో ముందే వెళ్లి కనుక్కోండి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.

సోషల్_సారు
నేను సారు భార్యను, ఆయన ఫోన్లోంచి రాస్తున్నాను. నిన్న రాత్రి మొత్తం చదివి వినిపించారు. విశాఖ అక్కయ్యగారి మాట దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేకపోయాం. ఈయనకి టీ పెట్టుకోవడం కూడా రాదు. నేను ముందు పోతే ఆ పెంకుటింట్లో ఎలా ఉంటారని నా భయం. ఊరికి రానన్నది అందుకే, మోకాళ్ల కోసం కాదు. ఇన్నాళ్లూ ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు అనుకున్నదేమిటంటే, ఆగస్టు నుంచి హనుమకొండలో మా ఆడపడుచు ఇంటి దగ్గర కింది అంతస్తు వాటా ఆరు నెలలకు తీసుకుంటాం. శనాదివారాలు ఊరికి పోయొస్తాం, గంట ప్రయాణం. ఫ్లాటు ప్రస్తుతం అమ్మడం లేదు. ఈఈగారూ, చూడబోయే వాటా బాత్‌రూం తలుపు కొలిచి రమ్మని మరిదికి చెప్పాం.

ఆర్‌అండ్‌బీ_ఈఈ
చౌకట్ల లోపలి కొలత తీసుకోమనండి అమ్మా. తలుపు రెక్క కొలిస్తే లెక్క తప్పుతుంది.

మానుకోట_బిడ్డ
వదినా, ఊళ్లో మాత్రం ఇల్లు ఖాళీగా వదలకండి. వారంలో అయిదు రోజులు మనిషి అలికిడి లేకపోతే పెంకులు లేపేస్తాయి. తాళం వేసే ముందు కిటికీలకు జాలీ కొట్టించండి, వంటింట్లో ఉల్లిగడ్డ కూడా మిగల్చకండి. జనగామలో జాలీ పని చేసేవాళ్లు నాకు తెలుసు, కావాలంటే చెప్పండి.