బైకుల కేసులో పదహారేళ్ళ పిల్లగాడు: జువైనల్ బోర్డును ఏ ఆర్డర్ అడగాలె?

పాలమూరు పారాలీగల్:

అందరికీ నమస్తే. నారాయణపేట జిల్లాలో ఒక తండా పిల్లగాడి కేసు చూస్తున్న. పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దని జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉన్నది కాబట్టి ఊరూ పేరూ రాస్తలేను. బడి రికార్డు ప్రకారం 16 ఏళ్ళ 8 నెలలు. ఆధార్‌లో మాత్రం జనవరి 1 తేదీ వేసి 19 ఏళ్ళు చూపిస్తున్నది. 22 ఏళ్ళ ఇంకొకతనితో కలిసి రెండు బైకులు ఎత్తుకపోయిండని ఎఫ్‌ఐఆర్ అయింది. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 303(2) దొంగతనం, 3(5) ఉమ్మడి ఉద్దేశం పెట్టిన్రు. బండ్లు రెండూ దొరికినయి, పాత కేసులు ఏం లేవు.

అమ్మానాయిన ఇద్దరూ పుణెలో బిల్డింగ్ పనికి వలస పోయిన్రు. పిల్లగాడు పది పాసయిండు, ఇంటర్‌లో చేరలేదు, నాయనమ్మ దగ్గర ఉంటడు. కల్లు అలవాటున్నది. బోర్డు ఇద్దరు జమానత్‌దారులతో బెయిల్ ఇచ్చింది గానీ ఎవ్వరూ ముందుకొస్తలేరు. విచారణ అయ్యేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోంలనే మూడో వారం నడుస్తున్నది. ప్రొబేషన్ ఆఫీసర్ తండాకు పోయిననాడు నాయనమ్మ కూలికి పోయి ఇంటికి తాళమున్నదట. "తల్లిదండ్రులు అందుబాటులో లేరు, స్పెషల్ హోంకు (నేరం తేలినోళ్ళను ఉంచే చోటు) పంపాలి" అని రిపోర్టు వస్తదేమోనని నా భయం.

బోర్డు ముందర ఏ ఆర్డర్ అడగాలె? అమ్మానాయిన ఊర్లో లేకున్నా ఇంటికి పంపుతరా? "తప్పు ఒప్పుకుంటే ఈ వారమే విడిచిపెడతరు" అని ఎవరో నాయనమ్మకు చెప్పిన్రట. అది ఎంతవరకు నిజం?

నల్లగొండ వకీలు:

ముందు బెయిల్ సంగతి చూడండి, అది రేపే కదిలించొచ్చు. జువైనల్ జస్టిస్ చట్టం 2015లో 12వ సెక్షన్‌కు నేరం బెయిలబులా కాదా అన్నదానితో పనిలేదు. జమానత్‌తో గానీ లేకుండా గానీ విడిచిపెట్టొచ్చు, లేదంటే ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో పెట్టొచ్చు, తగిన వ్యక్తికి అప్పజెప్పొచ్చు. బెయిల్ ఆపడానికి చట్టం మూడు కారణాలే చెప్పింది: తెలిసిన నేరస్థులతో మళ్ళీ కలుస్తాడని, పిల్లవాడికే ప్రమాదమని, న్యాయం దెబ్బతింటుందని. ఏ కారణంతో ఆపారో రాయాలి కూడా. మీ కేసులో బెయిల్ వచ్చింది, షరతు తీరలేదు. ఏడు రోజుల్లో తీరకపోతే షరతు మార్చడానికి పిల్లవాణ్ణి బోర్డు ముందు హాజరుపరచాలని 12(4) చెప్తుంది. ఆ గడువు ఎప్పుడో దాటింది. లీగల్ ఎయిడ్ వకీలుతో ఇవాళే మెమో వేయించండి. ఇద్దరు జమానత్‌దారులకు బదులు నాయనమ్మ బాండు చాలని, ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ పెట్టమని అడగండి.

వయసుకు 94వ సెక్షన్ వరస ఉంది. మొదట బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి బోర్డు సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరసలోనే లేదు, పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది కూడా. పిల్లవాడు పది పాసయ్యాడు కదా, బోనఫైడ్ పట్టుకుని తిరక్కండి. పది మెమో ఒరిజినల్ పెట్టండి, వెంట అడ్మిషన్ రిజిస్టర్ నకలు పెట్టండి.

ఇక సెక్షన్. 303(2)కు గరిష్ఠ శిక్ష మూడేళ్ళు కాబట్టి ఇది చిన్న నేరం కిందికి వస్తుంది. విచారణ మొదటి హాజరు నుంచి నాలుగు నెలల్లో ముగియాలి, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు, అప్పటికీ తేలకపోతే చిన్న నేరంలో విచారణ అక్కడితో ఆగిపోతుంది. అయితే పోలీసులు తుది రిపోర్టులో 305 (ఇంట్లో దొంగతనం లాంటివి) కలిపారా చూసుకోండి. దానికి ఏడేళ్ళు, నేరం తీవ్రమైన తరగతిలోకి పోతుంది, ఈ ఆగిపోయే సౌకర్యం ఉండదు. బండి ఇంటిలోపల నుంచి పోయిందా, బజార్లో నుంచి పోయిందా అన్నది పంచనామాలో చదవండి. పెద్దవాడి కేసు మామూలు కోర్టులో నడుస్తుంది, ఇద్దర్నీ కలిపి విచారించడం 23వ సెక్షన్ ప్రకారం కుదరదు. పెద్దవాడి చార్జిషీటు కోసం ఆగుతున్నామని మీ తేదీలు జరుపుతుంటే అభ్యంతరం రాతలో పెట్టండి.

ఒప్పుకోమన్న సలహా వినొద్దు. బెయిల్ షరతు మారితే వారంలో బయటికి వచ్చే పిల్లవాడికి, బయటపడటం కోసమే చెయ్యని పని కూడా ఒప్పుకునే గతి పట్టకూడదు. పెద్దవాడు తోలమంటే తోలాడా, దొంగబండి అని తెలుసా అన్నది ఇంకా తేలనే లేదు.

నేరం చేసినట్టు తేలితేనే 18వ సెక్షన్ ఆర్డర్లు. మందలించి ఇంటికి పంపడం, గ్రూప్ కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, తల్లిదండ్రులు లేదా సంరక్షకుల దగ్గర ప్రొబేషన్, తగిన సంస్థలో ప్రొబేషన్, చివరికి స్పెషల్ హోం. ప్రొబేషనైనా హోమైనా మూడేళ్ళు మించదు. బండ్లు దొరికాయి, మొదటి కేసు, చిన్న నేరం. నా లెక్కన 18(1)(ఎ) కింద మందలింపు, కౌన్సెలింగ్ అడగాలి. జరిమానా మాత్రం అడగకండి. అది పుణె కూలి డబ్బుల్లోంచే పోతుంది, పిల్లవాడికి ఒరిగేదేం లేదు.

రిటైర్డ్ ప్రొబేషన్ ఆఫీసర్, మహబూబ్‌నగర్:

బెయిల్ గురించి, వయసు గురించి వకీలు గారు చెప్పిందంతా సరే. మందలింపు దగ్గర నా మాట వేరే. కల్లు అలవాటున్న పిల్లగాణ్ణి, పొద్దంతా ఖాళీగా ఉండేటోణ్ణి మందలించి పంపితే ఫైలు మూతపడ్తది, వాడి వెంట పడి చూసేటోళ్ళు ఉండరు. 18(1)(ఇ) కింద ప్రొబేషన్ అడగండి, కానీ ఏడాదికే. చట్టంలో మూడేళ్ళ దాకా అని ఉన్నది గదా అని అలవాటు కొద్ది మూడేళ్ళు రాస్తుంటరు. వలస ఇంట్ల మూడేళ్ళ షరతు నిలవదు. ఏదో ఒక దసరాకు పిల్లగాడు పుణె బస్సెక్కుతడు, షరతు తప్పిండని మళ్ళీ బోర్డు ముందుకొస్తది.

బోర్డు ఆర్డర్ సగం రిపోర్టులోనే ఖరారైతది. సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు ఫారం 6లో వస్తది, పిల్లగాణ్ణి పట్టుకున్న సమాచారం అందినంక రెండు వారాల్లో ఇవ్వాలె. రెండు వారాలు దాటినా ఇంకా బోర్డుకు పోకుంటే మీకు మంచిదే. ప్రొబేషన్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి నాయనమ్మ ఇంట్ల ఉండే పొద్దు చెప్పండి. వరినాట్ల రోజుల్ల పొద్దుగాల ఎనిమిదికి ముందు, లేకుంటే మాపటికి ఆరు దాటినంక. పుణెలో తండ్రి నంబరు, ఆయన పనిచేసే మేస్త్రీ నంబరు ఇచ్చి, వీడియో కాల్‌లో మాట్లాడమని అడగండి. పక్కింటోళ్ళిద్దరు, బడి హెడ్మాస్టరు, గ్రామ కార్యదర్శి, వీళ్ళ మాట కూడా రిపోర్టుల ఎక్కాలె.

"తల్లిదండ్రులు లేరు" అన్న ముక్కకు జవాబు చట్టంలోనే ఉన్నది. సంరక్షకుడంటే కన్నోళ్ళు ఒక్కరే కాదు, పిల్లగాడి బాగోగులు నిజంగా ఎవరి చేతిలో ఉన్నయని బోర్డు అనుకుంటదో వాళ్ళు కూడా. అంటే నాయనమ్మే సంరక్షకురాలు. రేషన్ కార్డుల పిల్లగాడి పేరు ఆమెతోనే ఉన్నదా, బడి రిజిస్టర్ల సంతకం ఎవరిది, ఆ కాగితాలు తెచ్చి పెట్టండి. ఆమెకు వయసు మీద పడింది, పిల్లగాడు మాట వినడని బోర్డు అనుమానపడితే దగ్గర్ల ఉండే మేనమామనో, పెండ్లయిన అక్కనో తగిన వ్యక్తిగా చూపించండి. బోర్డు వాళ్ళ గురించి విచారించి గుర్తిస్తది. వలస పోవడం తల్లిదండ్రుల నేరం కాదు. సగం పాలమూరు అట్లనే బతుకుతున్నది. ఆ ఒక్క ముక్క మీద పిల్లగాణ్ణి హోంకు పంపుడు, సంస్థలో పెట్టుడు చివరి మార్గమని చెప్పే 3వ సెక్షన్‌కే విరుద్ధం.

రిపోర్టుల ప్లాన్ లేకుంటే మాత్రం బోర్డు సభ్యులు కూడా ఏం చేస్తరు? "మంచిగ ఉంటడు" అని రాస్తే అది ప్లాన్ కాదు. ఐటీఐల ఫలానా ట్రేడుకు దరఖాస్తు పెట్టిండని రసీదు, లేకుంటే ఓపెన్ స్కూల్ ఇంటర్ అడ్మిషన్ కాగితం, ఎవరింట్ల ఉంటడు, ఏ బస్సుకు పోతడు, ఖర్చు ఎవరు పెడతరు, అంత దాకా రాయాలె. ఒక పొరపాటు తరచుగ జరుగుతది. బ్యాంకోళ్ళ గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం పేరు రాస్తరు. దాంట్ల 18 ఏళ్ళు నిండితేనే తీసుకుంటరు, ఈ పిల్లగానికి పనికిరాదు. ఐటీఐకి 14 నిండితే చాలు. "నా వెంట సైటు పనికి తీసుకపోత" అని తండ్రి చెప్తే అది రిపోర్టుల ఉల్టా పడ్తది.

సమాజ సేవ ఆర్డర్ వస్తే వద్దనకండి, 14 దాటినోళ్ళకే అది. పార్కు పని, దవాఖానల సాయం, ముసలోళ్ళ సేవ, ఇట్లాంటివి. పని, గంటలు, చూసుకునేటోళ్ళ పేరు ఆర్డర్ల రాయించండి. రాయకుంటే ఠాణా ఊడ్పిస్తరు, ఊరంతా చూస్తది.

కౌన్సెలర్, సూర్యాపేట:

కల్లు సంగతి ఎవరూ లోతుగా అడగలేదు కాబట్టి రాస్తున్నాను. మన దిక్కు కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలిపే చోట్లున్నాయి. రోజూ తాగే పిల్లవాడు హోంలోకి పోయి ఉన్నట్టుండి మానేస్తే మొదటి రోజుల్లోనే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, అరవడం, లేనివి ఉన్నట్టు చూడటం మొదలవుతుంది. కొందరికి ఫిట్స్ వస్తాయి. ఇది వైద్యం కావాల్సిన పరిస్థితి, మందు తగ్గిస్తూ మాన్పించాలి. హోం సిబ్బందికి ఎవరూ చెప్పకపోతే పొగరు కింద లెక్కేస్తారు, "ప్రవర్తన బాగాలేదు" అన్న మాట ఫైల్లోకి ఎక్కుతుంది. తర్వాత అదే మాట స్పెషల్ హోంకు కారణమవుతుంది. కాబట్టి సూపరింటెండెంట్‌కు రాతలో ఇవ్వండి: ఏం తాగేవాడు, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు. డాక్టరు ఏం రాశారో ఆ కాగితం నకలు బోర్డు ముందు పెట్టండి.

18(2) కింద బోర్డు డీఅడిక్షన్‌కు, బడికి, వృత్తి శిక్షణకు అదనపు ఆర్డర్లు ఇవ్వొచ్చు, ఫలానా చోటికి పోవద్దని కూడా చెప్పొచ్చు. కల్లు దుకాణం ఉన్న ఆ సందు పేరు రాయించండి. "చెడు స్నేహాలు మానాలి" లాంటి షరతును ఎవరూ కొలవలేరు.

పాలమూరు పారాలీగల్:

మెమో రేపే వేయిస్త. అందరికీ దండాలు. ఇంకొక్క మాట అడగాలె. ఇదే జిల్లాల ఇంకో పిల్లగాడు, 17 ఏళ్ళు, ఇష్టపడ్డ పదహారేళ్ళ పిల్లతో ఊరిడిచి పోతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) పెట్టిన్రు. వానికీ ఈ 18వ సెక్షన్ ఆర్డర్లేనా?

నల్లగొండ వకీలు:

అది వేరే లెక్క. పోక్సో 4వ సెక్షన్‌కు కనీస శిక్ష పదేళ్ళు. కనీసం ఏడేళ్ళు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది ఘోరమైన నేరం, వయసు 16 దాటింది కాబట్టి, పెద్దవాడిగా విచారించడానికి చిల్డ్రన్స్ కోర్టుకు పంపాలా అని బోర్డు తేల్చే 15వ సెక్షన్ ప్రాథమిక అంచనా ఉంటుంది. దానికి మూడు నెలల గడువు. నేరం చేశాడా లేదా అన్నది అక్కడ చూడరు. చేయగల శక్తి, పర్యవసానం తెలిసే బుద్ధి, ఏ పరిస్థితుల్లో జరిగింది, ఇవే. బోర్డులో చైల్డ్ సైకాలజీ లేదా సైకియాట్రీ చదివినవాళ్ళు లేకపోతే అనుభవమున్న నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అది లేకుండా అయిన అంచనా అప్పీలులో నిలవదు. అప్పీలు సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లో.

చిల్డ్రన్స్ కోర్టుకు పంపినా అంతటితో అయిపోదు. పెద్దవాడిగా విచారించాల్సిన అవసరం ఉందా అని 19వ సెక్షన్ కింద ఆ కోర్టు మళ్ళీ తేల్చాలి. అవసరం లేదంటే బోర్డులాగే విచారించి 18వ సెక్షన్ ఆర్డరే ఇస్తుంది. అవసరం ఉందన్నా 21 ఏళ్ళ దాకా జైలు కాదు, ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అనే వేరే చోట ఉంచుతారు. ఉరి, విడుదలకు అవకాశం లేని జీవిత ఖైదు వేయకూడదు. పెద్ద నష్టం ఇంకోటుంది. పెద్దవాడిగా విచారించి శిక్ష పడితే 24వ సెక్షన్ రక్షణ పోతుంది. మామూలుగా బాల్యంలోని కేసు ఉద్యోగానికి అడ్డం కాకూడదు, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) ఉద్యోగం విషయంలో సుప్రీంకోర్టు 2019లో ఆ మాటే చెప్పింది. కానిస్టేబుల్ పరీక్షలు రాసే పిల్లలున్న జిల్లా మనది, ఇంట్లోవాళ్ళకు ఇది ముందే అర్థమయ్యేలా చెప్పండి. పిల్ల వాంగ్మూలం, ఇద్దరి వయసుల కాగితాలు అంచనాకు ముందే తెప్పించండి. అది అయిపోయాక తెచ్చే కాగితాలకు అంత బలం ఉండదు.

రిటైర్డ్ ప్రొబేషన్ ఆఫీసర్, మహబూబ్‌నగర్:

మొదటి పిల్లగాడి గురించి ఒక మాట మర్చిపోయిన. పండుగలకు అమ్మానాయిన దగ్గరికి పుణె పోవాల్సొస్తదని బోర్డుకు ముందే చెప్పి, ఎన్ని రోజులు పోవచ్చో ప్రొబేషన్ ఆర్డర్లనే రాయించుకోండి. పోయేముందు ప్రొబేషన్ ఆఫీసర్‌కు తండ్రి అడ్రసు మెసేజ్ పెట్టమనండి, ఆ మెసేజ్ దాచుకోమనండి.