సమస్య: వట్టి కుండలోన వార్ధి యొదిగె

పృచ్ఛకుడు, నల్లకుంట:
ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, దీనితో ముగిసేలా మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. వార్ధి అంటే సముద్రం. ఐదూ సూర్యగణాలే (గురులఘువులు లేదా మూడు లఘువులు), యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి కుదరవలసిన పొత్తు, వ–వా. 'వట్టి'కి ఖాళీ అన్న ఒక్క అర్థమే పట్టుకుంటే దారి దొరకదు. గొడ్డు వట్టిపోవడం, ఒట్టి తునకలు, ఒట్టి మాట: మూడూ గుర్తుంచుకోండి. మాటకు మూలం ఎండడమే. ఎండుటకు తమిళంలో వట్రు, కన్నడలో బత్తు. పుట్టను వారు పుట్రు, హుత్త అంటారు. ట్ర, త్త, ట్ట వరుస ఇక్కడా అదే. ఎండిన కుండలో నీరుండదు గనుక ఖాళీ, సరుకు లేదు గనుక ఒట్టి మాట.

చిక్కడపల్లి:
కలశజుండు నాఁడు కాలకేయులఁ జూపఁ
గడలి నొక్క గుక్కఁ గడియలోన
త్రాగె! మునియె కుండ తఱచి చూచినయెడ
వట్టి కుండలోన వార్ధి యొదిగె

పృచ్ఛకుడు:
కుండలో పుట్టిన అగస్త్యుణ్ణే కుండ చేయడం బాగుంది. కానీ గడియ అంటే 24 నిమిషాలు, ఒక్క గుక్కకు అంతసేపా? 'గనఁగ సురలు' అనండి. గణాలు, యతి రెండూ నిలుస్తాయి. 'వట్టి' మాత్రం ఊరికే కూర్చుంది.

మలక్‌పేట:
మడుల నీర మిగిరి మల్లెలఁ బోలెడు
నుప్పుగల్లు లయ్యె నుదధిజలము
తడియె లేక యింటఁ దాఁచఁగ నమ్మయే
వట్టి కుండలోన వార్ధి యొదిగె

పృచ్ఛకుడు:
నాకు కావలసింది ఇదే! వట్టి అంటే పొడి. తడి కుండలో ఉప్పు నీరుకారుతుంది, కాబట్టి ఆ మాట తీసేస్తే పద్యం పడిపోతుంది. 'ఇంకి' అనకుండా 'ఇగిరి' అన్నారు, అదీ సరైనదే: ఇంకితే ఉప్పు కూడా మట్టిపాలు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, ఎండాక మిగిలే వార్ధి అదే. 'అమ్మయే'లో ఏకారం పూరకం. 'నమ్మమ్మ' అంటే తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ఆ చోట ఉండవలసిన ఇంద్రగణమే, ఇల్లూ నిండుతుంది.

చిక్కడపల్లి:
'ఖాళి కుండ' అనవచ్చునా?

పృచ్ఛకుడు:
కూడదండీ. ఖా–వా యతి చెల్లదు. పైగా ఖాళీ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. అందులో ఎండిన వాసన లేదు. రిక్తం రిత్త అయింది, శూన్యం సున్న అయింది, వాటిలోనూ లేదు. 'ఒట్టి' అనీ మార్చకండి, ఒకారానికి వా తో యతి కుదరదు. ఒట్టి మాట అర్థాన్ని ఇంకా ఎవరూ తాకలేదు, ఆ వైపు ప్రయత్నించండి.